మీ ఊరిని మ్యాపులో సరిగ్గా పెట్టడం ఎలా: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు సమగ్ర మార్గదర్శి

రెండేళ్ళ క్రితం మా చిన్నాయన కూతురి పెళ్ళి. మగపెళ్ళివాళ్ళ డీసీఎం రాత్రి ఎనిమిదింటికి రావాలి. తొమ్మిదైనా జాడ లేదు. ఫోన్ చేస్తే "చెరువు కట్ట మీద ఉన్నాం, బండి ముందుకు పోవట్లేదు" అన్నారు. టార్చిలైట్లు పట్టుకుని పరిగెత్తాం. తూము దగ్గర కట్ట సన్నబడే చోట, ముప్పై మందితో బండి ఆగి ఉంది. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పొలాల్లోకి దిగుడు. అరకిలోమీటరు దూరం రివర్స్‌లో రావడానికి గంట పట్టింది. "కట్ట మీద రోడ్డేంది నాయనా?" అని చిన్నాయన అడిగితే డ్రైవరు ఫోన్ తీసి చూపించాడు. నిజమే, తెల్లగా రోడ్డు గీత కనిపిస్తోంది.

ఆ గీత గీసింది నేనే.

హైదరాబాద్‌లో గదిలో కూర్చుని, ఉపగ్రహ చిత్రం చూసి గీశాను. ఎండాకాలంలో తీసిన చిత్రం కాబట్టి కట్ట వెడల్పుగా, మట్టి రంగులో అచ్చం రోడ్డులాగే ఉంది. చిన్నప్పుడు వందసార్లు నడిచిన కట్టే. స్క్రీన్ ముందు కూర్చుంటే ఆ సంగతే గుర్తు రాలేదు. ఆ రాత్రి నుంచి నేను పాటిస్తున్నది ఒక్కటే: గీత ఎక్కడ గీయాలో చిత్రం చెబుతుంది, ఆ గీత ఏమిటో మాత్రం నడిచి చూసే తేల్చుకోవాలి. కింద రాసిన పద్ధతి అంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

ఇది ఎవరి మ్యాపు

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టాడు. అక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ మ్యాపుల డేటా డబ్బు కడితే తప్ప దొరికేది కాదు, అందుకని జనమే సొంతంగా గీసుకోవడం మొదలైంది. వికీపీడియాలాగే ఎవరైనా ఖాతా తెరిచి మార్పులు చేయవచ్చు. స్క్రీన్ మీద కనిపించే బొమ్మ కన్నా దాని వెనక ఉన్న డేటా ముఖ్యం. ఓస్మ్‌ఆండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లు ఆ డేటాతోనే నెట్ లేకుండా కూడా దారి చూపిస్తాయి. తెలుగు వికీపీడియా వ్యాసాల్లో కనిపించే మ్యాపులకూ ఆధారం ఇదే. మీరు ఒకచోట దిద్దితే ఇవన్నీ తమ తమ వేళకు ఆ దిద్దుబాటును తీసుకుంటాయి. తప్పు పెట్టినా అంతే, అన్నిచోట్లకూ పోతుంది. మా డీసీఎం సాక్షి.

ఖాతా తెరవడానికి ఈమెయిల్ చాలు. మీరు చేసే ప్రతి మార్పూ మీ ఖాతా పేరుతో అందరికీ కనిపిస్తుంది, కాబట్టి అసలు పేరు పెట్టుకోవాలా వద్దా అన్నది ముందే ఆలోచించుకోండి. సొంత ఊళ్ళో, సొంత వీధిలో ఎక్కువ మార్పులు చేస్తే మీరు ఎక్కడివారో ఎవరైనా ఊహించగలరు.

మొదట నడక

కంప్యూటర్ తెరవకముందే ఒక ఆదివారం పొద్దున మీ వీధి, దాని చుట్టుపక్కల రెండు మూడు వీధులు నడవండి. ఊరంతా ఒకేసారి పెట్టుకోవద్దు. ఉత్సాహంలో మొదలుపెట్టి సగంలో వదిలేసినవాళ్ళను చాలామందిని చూశాను. ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను, ఫోన్ ఉంటే చాలు. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి పెట్టుకుంటే, ఫోటో ఎక్కడ తీశారో తర్వాత వెతుక్కోనక్కర్లేదు. ఓస్మ్‌ఆండ్‌లో నడిచిన దారిని రికార్డు చేసే సౌకర్యం కూడా ఉంది. చెట్ల కింద, పెద్ద బిల్డింగుల మధ్య జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. అందుకే ఒకే సందులో రెండుసార్లు, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ, రికార్డు చేస్తే మంచిది.

ఏం రాసుకోవాలి? బోర్డు మీద ఉన్న పేరు ఉన్నదున్నట్టు. రోడ్డు సీసీనా, తారా, మట్టా. బండి పడుతుందా, ఆటో పడుతుందా, మనిషే పడతాడా. బోరింగు ఇంకా పనిచేస్తోందా. బడి గేటు ఏ వైపు ఉంది. పైనుంచి చూస్తే కనిపించనివి ఇవే. ఇల్లు ఎక్కడ ఉందో అమెరికాలో కూర్చున్నవాడు కూడా చిత్రం చూసి చెప్పగలడు. బడి గేటు ఏ వైపు ఉందో చెప్పలేడు.

ఒక గమనిక. నేను కెమెరా పట్టుకుని తిరుగుతుంటే మొదటి వారం ఒకాయన ఆపి, "రోడ్డు వెడల్పు చేస్తున్నారా, ఇండ్లు పోతయా?" అని కంగారుగా అడిగాడు. ముందే పంచాయతీలో ఒక మాట చెప్పి, అడిగినవాళ్ళకు ఫోన్‌లో మ్యాపు చూపిస్తే ఈ టెన్షన్ ఉండదు. పైగా ముసలివాళ్ళు ఆగి పాత పేర్లు చెబుతారు. మా ఊళ్ళో ఒక కుంటకు పేరు ఉందని నాకు అలాగే తెలిసింది.

ఎక్కడి నుంచి తీసుకోకూడదు

గూగుల్ మ్యాప్స్ చూసి ఇక్కడ ఎక్కించకూడదు. గీతలే కాదు, వీధి పేరు, షాపు పేరు కూడా అక్కడ చదివి ఇక్కడ రాయకూడదు. అచ్చయిన టూరిస్టు మ్యాపులకూ ఇదే వర్తిస్తుంది. వాటి హక్కులు వాటి యజమానులవి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా 2012 నుంచి ఓపెన్ డేటాబేస్ లైసెన్సు కింద ఉంది. మూలంగా దాని పేరు పేర్కొంటే ఎవరైనా వాడుకోవచ్చు. అందులోకి వేరేవాళ్ళ సొత్తు చేరితే మొత్తానికే చిక్కు. మరి ఎడిటర్‌లో కనిపించే ఉపగ్రహ చిత్రాల సంగతేమిటంటే, బింగ్, ఎస్రీ లాంటివి వాటి మీద గీసుకోవడానికి అనుమతి ఇచ్చాయి. ఎడిటర్ బ్యాక్‌గ్రౌండ్ జాబితాలో ఉన్నవి వాడుకోవచ్చు.

మీ కళ్ళతో చూసిన బోర్డు, మీ ఫోటో, మీ జీపీఎస్ గీత, మీకు తెలిసిన సంగతి: ఈ నాలుగూ ఉంటే ఇంకేదీ అక్కర్లేదు.

కంప్యూటర్ ముందు

సైటులో మీ ఊరి దగ్గరికి జూమ్ చేసి ఎడిట్ నొక్కితే బ్రౌజర్‌లోనే "ఐడీ" అనే ఎడిటర్ తెరుచుకుంటుంది. మొదటిసారి వాక్‌త్రూ చూపిస్తానంటుంది. దాటేయకండి, అరగంట కూడా పట్టదు. జోసమ్ అనే ఇంకా పెద్ద సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. అది చేయి తిరిగాక చూసుకోవచ్చు.

ఇక్కడ ఉండేవి ప్రధానంగా మూడు: పాయింటు, గీత, ఏరియా. కీబోర్డులో 1, 2, 3 నొక్కితే వరసగా అవి వస్తాయి. బోరింగు పాయింటు, రోడ్డు గీత, ఇల్లు ఏరియా. ఒక్కోదానికి అది ఏమిటో చెప్పే ట్యాగ్‌లు తగిలిస్తాం. ఎడమ పక్క వెతికే పెట్టెలో ఇంగ్లీషులో రకం టైప్ చేస్తే ఎడిటరే తగిన ట్యాగ్‌లు పెడుతుంది. మన మాటకూ వాళ్ళ మాటకూ కొన్నిసార్లు పొంతన ఉండదు. మన ఓవర్‌హెడ్ ట్యాంకును ఇక్కడ "వాటర్ టవర్" అంటారు. బొడ్రాయికి అంటూ ఒక ట్యాగ్ లేదు. నేను దాన్ని దారిపక్క చిన్న గుళ్ళకు వాడే "వేసైడ్ ష్రైన్"గా పెట్టాను.

గీయడానికి ముందు చిత్రం సరైన చోట ఉందో లేదో చూడాలి. ఉపగ్రహ చిత్రం కొన్ని మీటర్లు జరిగి ఉండవచ్చు, గుట్టల దగ్గర ఇంకా ఎక్కువ. "బీ" కీ నొక్కితే బ్యాక్‌గ్రౌండ్ ప్యానెల్ వస్తుంది. మీరు రికార్డు చేసిన జీపీఎస్ ఫైలును బ్రౌజర్ మీదికి లాగి వదిలితే గీతగా కనిపిస్తుంది. దానికి సరిపోయేట్టు చిత్రాన్ని జరుపుకుని, అప్పుడు గీయండి. ఈ పని చేయకుండా, ఇదివరకే సరిగ్గా ఉన్న రోడ్లన్నిటినీ జరిగిన చిత్రం మీదికి లాగేసేవాళ్ళుంటారు. మంచి చేస్తున్నామనే అనుకుంటారు పాపం.

ఇళ్ళు తేలిక. నాలుగు మూలలు నొక్కి, "క్యూ" కొడితే మూలలు చతురస్రంగా సర్దుకుంటాయి. ఎత్తైన బిల్డింగులు చిత్రంలో ఒక పక్కకు వాలినట్టు కనిపిస్తాయి. పైకప్పు చూసి గీసి, మొత్తాన్ని పునాది మీదికి జరపాలి. ఇంటికి యజమాని పేరు మాత్రం పెట్టకండి. కొత్తవాళ్ళు దాదాపు అందరూ మొదట చేసేది "మా ఇల్లు" అని పాయింటు పెట్టడమే. అది ఎవరికీ పనికి రాదు, ఎవరో ఒకరు తీసేస్తారు కూడా.

రోడ్లు: ఇక్కడ తొందరపడొద్దు

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి దారీ "హైవే"నే. జాతీయ రహదారీ హైవే, గట్టు మీద కాలిబాటా హైవే. మనకు ఇది నవ్వు తెప్పిస్తుంది గానీ, తేడా ఆ ట్యాగ్‌కు ఇచ్చే విలువలో ఉంది. ఊళ్ళో ఇళ్ళ మధ్య వీధి "రెసిడెన్షియల్". ఊరికీ ఊరికీ కలిపే చిన్న రోడ్డు "అన్‌క్లాసిఫైడ్". ఇది వర్గం తేల్చని రోడ్డు అని అర్థం కాదు, బ్రిటన్ రోడ్ల వర్గీకరణలో అతి చిన్న రోడ్డుకు ఉన్న పేరు అలాగే వచ్చేసింది. పొలాలకు ట్రాక్టరు పోయే బండ్లబాట "ట్రాక్". డొంకలు, పుంతలు చాలావరకు ఇందులోకే వస్తాయి. తారు వేసి బస్సు తిరిగితే ఆ డొంక ఇక ట్రాక్ కాదు. మనిషో సైకిలో పట్టే దారి "పాత్". నేను కట్టను అన్‌క్లాసిఫైడ్ అన్నాను. అది పాత్. ఆ ఒక్క మాట తేడాకే డీసీఎం కట్టెక్కింది.

కొత్తవాళ్ళ రోడ్లలో ఇంకో తప్పు, కంటికి కనిపించనిది: కూడలి దగ్గర గీతలు కలవకపోవడం. స్క్రీన్ మీద రెండు రోడ్లు తాకినట్టే ఉంటాయి గానీ ఉమ్మడి పాయింటు లేకపోతే దారి చూపే యాప్‌కు అవి వేరువేరు. ఊరంతా చుట్టించి తీసుకొస్తుంది. కొత్త గీతను పాత గీత మీద సరిగ్గా నొక్కి ముగించండి. జూమ్ చేసి చూస్తే కలిసిన చోట చిన్న చుక్క ఉంటుంది. వంతెన దగ్గర ఇందుకు తిరగేసి చేయాలి. కాలువ మీద రోడ్డు పోతుంటే రెండిటినీ కలపకూడదు. కాలువ మీద ఉన్నంత మేరకు రోడ్డును విడదీసి "బ్రిడ్జ్" అని పెట్టి, లేయర్ 1 (కాలువకు పైన ఉందని అర్థం) ఇవ్వాలి.

చెరువు ఎక్కడిదాకా

మన దగ్గర చెరువు ఆకారం నెలకొకటి. ఏప్రిల్ చిత్రంలో నడుమ చిన్న మడుగు, అక్టోబరు చిత్రంలో సముద్రం. బింగ్, ఎస్రీ చిత్రాలు వేరువేరు రోజులవి కావచ్చు, రెండూ మార్చి చూడండి. మామూలు ఏడాదిలో వానలయ్యాక నీళ్ళు ఎక్కడిదాకా నిలుస్తాయో ఆ గీత గీయండి. ఎండిపోయేదైతే "ఇంటర్‌మిటెంట్" అనే ట్యాగ్‌కు "ఎస్" (అవును) అని పెట్టండి. ఆ హద్దు తెలుసుకోవాలంటే శిఖం (చెరువు లోపలి భూమి) పక్కన సాగు చేసేవాళ్ళను అడగడమే దారి. కట్టను "డైక్"గా, అలుగును "వియర్"గా, తూమును "స్లూయిస్ గేట్"గా పెట్టవచ్చు. ఒక మాట గుర్తుంచుకోండి: మనం గీసింది ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) కాదు. చట్టం లెక్కలో హద్దు నిర్ణయించేది అధికారులు. పొలం తగాదాలో ఎవరైనా ఈ మ్యాపు ప్రింటు తీసుకొచ్చి చూపిస్తే, ఇది సాక్ష్యం కాదని మర్యాదగా చెప్పండి.

పేర్లు

పేరుకు "నేమ్" అని ఒక ట్యాగ్ ఉంటుంది. మన దేశంలో చాలాచోట్ల అందులో ఇంగ్లీషు అక్షరాల్లోనే పేరు ఉంటుంది, దాన్ని మార్చొద్దు. తెలుగు పేరుకు "నేమ్" తర్వాత కోలన్ పెట్టి తెలుగు భాషా సంకేతం "టీఈ" తగిలించిన ట్యాగ్ వేరే ఉంది. ఐడీలో పేరు పెట్టె పక్కనున్న ప్లస్ నొక్కి తెలుగు ఎంచుకుంటే అదే వస్తుంది. ఈ ట్యాగ్ నింపిన చోట తెలుగు వికీపీడియా మ్యాపులో తెలుగు పేరు కనిపిస్తుంది. నింపనిచోట ఇంగ్లీషులోనే ఉండిపోతుంది. కొత్తవాళ్ళకు ఇంతకన్నా మంచి పని నాకు తోచదు. గీతలు గీయనక్కర్లేదు, ఏదీ చెడిపోదు, పైగా తెలుగు చదవగలిగినవాళ్ళే చేయగలరు. ఊరి పేరు పల్లెనా పల్లియా, పేటనా పేట్టా అన్నది ఇంగ్లీషు అక్షరాలు చూసి ఊహించకండి. పంచాయతీ బోర్డు చూడండి.

బోర్డు ఒకటి, జనం నోట ఒకటి ఉంటే? గుడి బోర్డు మీద "శ్రీ సీతారామచంద్రస్వామి దేవాలయం" అని ఉంటుంది, ఊళ్ళో ఎవరినడిగినా "రాములోరి గుడి" అంటారు. బోర్డు పేరు అసలు పేరుగా, జనం పేరు "లోకల్ నేమ్"గా రెండూ పెట్టండి. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల పూర్తి పేరుతో, ఎంపీపీఎస్ అన్నది "షార్ట్ నేమ్"లో. పేరు లేని బోరింగుకు "బోరింగు" అని పేరు పెట్టకండి. అది ఏమిటో ట్యాగే చెబుతుంది.

జిల్లాల సంగతి చూసుకోండి. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ అయింది. చిరునామాల్లో పాత జిల్లా పేరు కనిపిస్తే దిద్దండి. సరిహద్దు గీతల జోలికి మాత్రం కొత్తలో వెళ్ళకండి. ఒక పాయింటు జరిగినా రెండు జిల్లాల ఆకారం చెడుతుంది. దేశ సరిహద్దు, రక్షణ స్థావరాల లోపలి వివరాలు ముట్టుకోకపోవడమే మంచిది.

సేవ్ చేసేటప్పుడు

ఒకసారి సేవ్ చేసిన మార్పుల మూటను ఛేంజ్‌సెట్ అంటారు. ఒక వీధి పని అయిపోగానే సేవ్ చేయండి. ఊళ్ళో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి మార్చి రెండూ ఒకే మూటలో కట్టకండి, తర్వాత సరిచూసేవాళ్ళకు అంతు చిక్కదు. కామెంటు పెట్టెలో "అప్‌డేట్" అని వదిలేయడం అందరికీ ఉన్న జబ్బు, నాకూ ఉండేది. "హరిజనవాడ బడి దగ్గర రెండు సందులు, నడిచి చూసి చేర్చాను" అని రాస్తే ఆరు నెలల తర్వాత మీకే ఉపయోగపడుతుంది. తెలుగులో రాసినా అభ్యంతరం లేదు. కింద "ఎవరైనా సరిచూడండి" అనే గడి ఉంటుంది, మొదటి నెల రోజులూ దానికి టిక్ పెట్టండి.

సైటు మ్యాపులో మార్పు చాలావరకు కొన్ని నిమిషాల్లో కనిపిస్తుంది. ఫోన్ యాప్‌లలో అయితే వాటి తర్వాతి అప్‌డేట్ దాకా ఆగాలి. కనిపించలేదని మళ్ళీ గీయకండి, రెండు రోడ్లవుతాయి.

ఎప్పుడో ఒకసారి ముక్కూమొహం తెలియనివాళ్ళెవరో మీ ఛేంజ్‌సెట్ కింద "ఇలా ఎందుకు మార్చారు?" అని అడుగుతారు. కోపం తెచ్చుకోకండి. నా మొదటి ప్రశ్న అలాంటిదే, జర్మనీ నుంచి ఎవరో అడిగారు, చూస్తే తప్పు నాదే. తప్పును వెనక్కి తిప్పడం సులభం, పాత రూపాలన్నీ భద్రంగా ఉంటాయి. వేరేవాళ్ళు గీసింది నచ్చకపోతే దాన్ని చెరిపి కొత్తది గీసే బదులు ఉన్నదాన్నే సరిదిద్దండి, దాని చరిత్ర పోకుండా ఉంటుంది.

ఫోన్‌తోనే చేసే పనులు

ఆండ్రాయిడ్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అని ఒక యాప్ ఉంది. మీరు ఉన్న చోట మ్యాపులో లోటుగా ఉన్న సంగతులను ప్రశ్నలుగా అడుగుతుంది: ఈ రోడ్డు మీద ఏం పరిచారు, వీధిదీపాలు ఉన్నాయా, ఈ షాపు ఎన్నింటికి తెరుస్తారు. బస్సు కోసం ఎదురుచూసే పావుగంటలో పది ప్రశ్నలకు జవాబివ్వవచ్చు. ట్యాగ్‌ల గొడవే లేదు. బజారులో షాపులు చేర్చాలంటే ఎవ్రీ డోర్ బాగుంటుంది, అది ఐఫోన్‌లోనూ పనిచేస్తుంది. షాపులు మూడు నెలలకోసారి మారుతుంటాయి, నిరుడు మీసేవ ఉన్నచోట ఇప్పుడు మొబైల్ షాపు ఉంటుంది. అందుకని బజారు ఒకసారి చేసి వదిలేసే పని కాదు.

నలుగురు కలిస్తే

డిగ్రీ కాలేజీ పిల్లలు ఆరుగురిని పోగుచేసి ఒకసారి ప్రయత్నించాం. మొదటి గంటలో అందరూ ఒకే కూడలిని ఎడిట్ చేసి, ఒకరి మార్పు మీద ఒకరిది పడి, సేవ్ కాక గోల. రెండో ఆదివారం వాడలవారీగా పంచుకున్నాం, వాడకు ఇద్దరు. ఒకరు పేర్లు రాసుకుంటే ఒకరు ఫోటోలు. మధ్యాహ్నం కూర్చుని ఎక్కించాం. మరుసటి వారం ఒకరి వాడను ఇంకొకరు నడిచి సరిచూశారు. ఈ మూడో అడుగే అసలైనది, చాలామంది ఎగ్గొట్టేదీ ఇదే.

దూరంగా ఉన్నవాళ్ళకూ పని ఉంది. 2010లో హైతీ భూకంపం, 2015లో నేపాల్ భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వలంటీర్లు చిత్రాలు చూసి ఇళ్ళు, దారులు గీశారు. సహాయక బృందాలు ఆ మ్యాపులు వాడుకున్నాయి. హైతీ అనుభవంలోంచి పుట్టిన హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్ ఇప్పటికీ టాస్కింగ్ మేనేజర్ అనే సైటులో పనిని గడులుగా విడగొట్టి పంచుతుంది. మా ఇంట్లో కూడా అదే పద్ధతి. డల్లాస్‌లో ఉన్న మా అక్క కొడుకు రాత్రిపూట ఇళ్ళ ఆకారాలు గీస్తాడు. సందేహం వచ్చినచోట మ్యాపు మీద నోట్ పెడతాడు, "మామా, ఇది గడ్డివామా, ఇల్లా?" అని. నేను ఊరికి వెళ్ళినప్పుడు చూసి జవాబు రాసి నోట్ మూసేస్తాను.

పెళ్ళయిన మరుసటి వారం టేపు పట్టుకుని కట్ట మీదికి వెళ్ళాను. తూము దగ్గర వెడల్పు 1.4 మీటర్లు ఉంది. దారిని పాత్‌గా మార్చి, వెడల్పు ట్యాగ్‌లో ఆ అంకె రాశాను. కామెంటులో "కట్ట మీద రోడ్డు లేదు, నా పాత తప్పు దిద్దాను" అని పెట్టాను. అలుగు అవతల కొత్తగా వేసిన మట్టిరోడ్డు వానల్లో నిలుస్తుందో లేదో ఇంకా తేలలేదు. అక్కడ ఒక నోట్ తెరిచే ఉంచాను.